బ్యాంకు మునిగితే ప్రభుత్వం కాపాడుతుందా? ముందు ఆ బ్యాంకు ఎంత పెద్దదో చెప్పండి

2008లో అమెరికా ప్రభుత్వం బ్యాంకుల్ని ఆదుకోకుండా మునగనిచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగారు. ఒకదాన్ని మునగనిచ్చి చూశారు కదండీ. సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ అనే పెట్టుబడి బ్యాంకు దివాలా పిటిషన్ వేసింది. మర్నాడే ఏఐజీ అనే బీమా కంపెనీకి అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 85 బిలియన్ డాలర్ల అప్పు సర్దింది. మునిగేవాణ్ని మునగనివ్వాలన్న నీతులన్నీ ఒక్కరోజులో గాలికి పోయాయి. కాబట్టి కాపాడాలా వద్దా అన్నదాంట్లో నాకు చర్చే లేదు, కాపాడక చస్తారా! ఎవరిని కాపాడతారన్నదే అసలు సంగతి. అది నాకు అమెరికాను చూసి తెలియలేదు, హైదరాబాద్‌లోనే తెలిసింది.

2001, 2002 ప్రాంతంలో ఇక్కడ సహకార అర్బన్ బ్యాంకులు వరసపెట్టి మూతపడ్డాయి. అలాంటి ఒకదాంట్లో మా నాన్న ఎఫ్‌డీ ఉంది. ఆ బ్యాంకు పేరు ఇప్పుడు ఎందుకులెండి. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు, చెల్లెలి పెళ్లికని వేశాడు. పెద్ద బ్యాంకుల కన్నా వడ్డీ కాస్త ఎక్కువ. ఇంటికి దగ్గర. లోపలికి వెళితే "రండి మాస్టారూ" అని కుర్చీ వేసేవారు. ఆ కుర్చీకే సగం మంది పడిపోయారని నా అనుమానం.

సంగతి తెలిసి నాన్నా నేనూ వెళ్లేసరికి షట్టర్ సగానికి దించి ఉంది. దాని మీద 'ఖాతాదారులు ఆందోళన చెందవద్దు' అని కాగితం. ఆందోళన అన్న మాట చూశాకే జనం తోసుకోవడం మొదలుపెట్టారు. ఛైర్మన్ లేడు, డైరెక్టర్లు లేరు, మేనేజర్ లోపల ఫోన్ పట్టుకుని బయటికి రావట్లేదు. సరిగ్గా అప్పుడు పిగ్మీ కలెక్షన్ కుర్రాడు, అంటే రోజూ తిరిగి చిన్న చిన్న పొదుపులు వసూలు చేసేవాడు, భుజాన సంచీతో సైకిల్ మీద వచ్చాడు. వాడికేమీ తెలియదు పాపం, ఎప్పటిలాగే లెక్క అప్పజెప్పడానికి వచ్చాడు. అంతే, చుట్టేశారు. టిఫిన్ బండి నడిపే ఒకావిడ సైకిల్ హ్యాండిల్ పట్టుకుని వదల్లేదు. "రోజూ నీ చేతిలో పెట్టాన్రా నేను! ఈ బ్యాంకు మొహం ఎప్పుడైనా చూశానా? నువ్వే ఇయ్యాలి!" అని ఒకటే అరుపు. వాడు ఏడుపు మొహంతో జేబులోంచి ఒక పాస్‌బుక్ తీసి చూపించాడు. వాళ్ల అమ్మ పేరు మీద ఉంది, అదే బ్యాంకుది. ఆవిడ ఆ పుస్తకం తిరగేసి చూసి, హ్యాండిల్ మాత్రం వదల్లేదు. ఆవిడ తప్పేముంది? లోన్లు మింగినవాళ్లు దొరకరు, దొరికేది వీడొక్కడే.

మమ్మల్ని ఆదుకోవడానికి ఎవరూ రాలేదు. డిపాజిట్ బీమా అప్పట్లో లక్ష వరకే. అదీ లైసెన్సు రద్దయి, బ్యాంకు ఆస్తులు అమ్మి లెక్కలు తేల్చే లిక్విడేటర్ వచ్చి, జాబితాలు తయారయ్యాక. ఆ లక్ష చేతికొచ్చేసరికి చెల్లెలికి కూతురు కూడా పుట్టింది. పెళ్లి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుతో చేశాం. అందులో వేయమని సలహా ఇచ్చిన మా పెద్దబావ, ఆ మాట ఎత్తితే ఈ రోజుకీ టీవీ సౌండ్ పెంచుతాడు.

ఇప్పుడు ఇదే ఊళ్లో ఇంకో కథ చూడండి. సికింద్రాబాద్ కేంద్రంగా నడిచిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంక్ మీద 2004 జులై 24న మారటోరియం పెట్టారు, పదివేలకు మించి తీయడానికి లేదన్నారు. ఆగస్టు 14కల్లా అది ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిసిపోయింది. డిపాజిటర్లకు పైసా పోలేదు. ఎస్ బ్యాంక్ అయితే ఇంకా తొందర. 2020 మార్చి 5న ఆంక్షలు, 18న ఎత్తివేత, మధ్యలో స్టేట్ బ్యాంకు 6,050 కోట్లు తెచ్చి పెట్టింది. అంతకు కొన్ని నెలల ముందే, 2019 సెప్టెంబర్‌లో, ముంబైలో పీఎంసీ అనే సహకార బ్యాంకు ఖాతాదారులకు మొదట ఇచ్చిన పరిమితి వెయ్యి రూపాయలు! దాన్ని ఇంకో బ్యాంకులో కలపడానికి 2022 జనవరి దాకా పట్టింది. అప్పుడు కూడా పెద్ద డిపాజిట్లకు పదేళ్ల వాయిదాలు. రూల్స్ వేరు, సహకార చట్టం వేరు అని ఎవరో వచ్చి వివరిస్తారు, తెలుసు. టిఫిన్ బండి ఆవిడకు కూడా వివరించండి అయితే.

బీమా ఇప్పుడు ఐదు లక్షలు, 2020 ఫిబ్రవరి నుంచి. ఆంక్షలు పెట్టాక 90 రోజుల్లో బీమా డబ్బు ఇవ్వాలని 2021లో చట్టం మార్చారు. మంచిదే. కానీ ఇది బ్యాంకులో ఎవరైనా నోరు తెరిచి చెబుతారా? ఎఫ్‌డీ వేద్దామని వెళితే ఇన్సూరెన్స్ పాలసీ అంటగడతారు గానీ. చెప్పేవాళ్లు లేకనే 2017లో మునిగే బ్యాంకుల్ని ఏం చేయాలో చెప్పే ఎఫ్‌ఆర్‌డీఐ బిల్లు వచ్చినప్పుడు మన డిపాజిట్లు లాగేసుకుంటారని వాట్సాప్‌లో గోల. మరుసటి ఏడాది వేసవికి తెలుగు రాష్ట్రాల్లో ఏటీఎంలన్నీ 'నో క్యాష్' బోర్డులు. కారణాలు వేరే ఉన్నాయన్నారు గానీ, మా వీధిలో భయంతో డబ్బు తెచ్చి బీరువాలో పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. 2018 ఆగస్టులో బిల్లునే వెనక్కి తీసుకున్నారు.

ఇక పన్నుల డబ్బు సంగతి. 2008లో ఆదుకోవడానికని అమెరికా 700 బిలియన్ డాలర్లు మంజూరు చేసింది గానీ అంతా ఖర్చు కాలేదు, బ్యాంకుల్లో పెట్టిన వాటా లాభంతో సహా వెనక్కి వచ్చింది. కాబట్టి జనం సొమ్ము పోయిందన్న ఏడుపు నాకు లేదు. నాకు ఒళ్లు మండేది వేరేచోట. గ్లోబల్ ట్రస్ట్ షేర్లు కొన్నవాళ్లకు విలీనంలో చిల్లిగవ్వ రాలేదు. అది న్యాయమే, వాటాదారుడు అన్నాక లాభంతో పాటు నష్టమూ వాడిదే. ఏఐజీలో మాత్రం, కంపెనీని ఆ గతి పట్టించిన విభాగం వాళ్లకే 2009 మార్చిలో 165 మిలియన్ డాలర్ల బోనస్‌లు పంచారు. అదేమంటే, ముందే రాసుకున్న ఒప్పందం, ఇవ్వక తప్పదన్నారు. మా నాన్న ఎఫ్‌డీ రసీదు కూడా ముందే రాసుకున్న ఒప్పందమే.