పక్క చేను లేఅవుట్ అయితే మన చేని నీరు ఎటు పోవాలి?

ప్రశ్న: మాది కోనసీమలో అమలాపురానికి చేరువలో ఉన్న ఒక గ్రామం. ఇంటి వెనుక మాకు ఎకరంన్నర వరిచేను ఉంది. దానికి పడమటి వైపు ఆనుకుని ఉన్న నాలుగెకరాల చేనును ఒక రియల్ ఎస్టేట్ సంస్థ కొని, 2023లో భూమార్పిడి ఉత్తర్వు తెచ్చుకుని, ఈ సంక్రాంతి వెళ్లాక మూడున్నర అడుగుల ఎత్తున గ్రావెల్ తోలి, 45 ప్లాట్లకు రాళ్లు పాతింది. మా చేనికి నీరు తెచ్చే పంట బోదె ఆ భూమి ఉత్తరపు గట్టు వెంటే వస్తుంది. మా మురుగు దక్షిణపు వైపు నుంచి ఆ చేలోకి దిగి, అవతలి మురుగు కోడులో పడేది. ఇప్పుడు బోదెను పూడ్చి అడుగు వెడల్పు సిమెంటు తూర వేశారు. మురుగు దారి పూర్తిగా మూసుకుపోయింది. ఊరి పుంతనే (బండ్ల దారినే) తమ రోడ్డుగా చూపించి, వెడల్పు చాలడానికి మా వైపు నుంచి నాలుగడుగులు వదలమంటున్నారు. అన్ని సెప్టిక్ ట్యాంకులు వస్తే మా బావి నీరు ఏమవుతుందోనని భయంగా ఉంది. పంచాయతీలో అడిగితే ‘పైనుంచి అనుమతి వచ్చేసింది’ అన్నారు. మమ్మల్ని ఎవరూ పిలిచి అడగలేదు. గొడవెందుకు, ఒక ప్లాటు తగ్గింపు ధరకు ఇస్తామని కూడా అంటున్నారు. మేమేం చేయాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసిన బాధల్లో ఏదీ కల్పించుకున్నది కాదు. అయితే చట్టం ముందు వాటన్నిటి బరువూ ఒకటి కాదు. పక్కన కొత్తగా 45 కుటుంబాలు వస్తాయన్నది, ఊరి అంచున ఉన్న ప్రశాంతత పోతుందన్నది కోర్టు వినే అభ్యంతరం కాదు. నియమాలకు లోబడి తన భూమిని ఇళ్ల స్థలాలు చేసుకునే హక్కు యజమానికి ఉంది. నీటి సంగతి అలా కాదు. మీకు నీరు వచ్చే దారి, మీ నీరు పోయే దారి అనే ఈ రెండింటి మీదే మీ వాదం నిలబడుతుంది కనుక ప్రతి అర్జీలోనూ వాటినే మొదటి పేరాలో పెట్టండి. పది ఫిర్యాదులు కలిపి రాసిన అర్జీలో అధికారి అన్నిటికంటే తేలికైనదానికి జవాబు రాసి ఫైలు మూసేయడం నేను చాలాసార్లు చూశాను.

ముందుగా ‘పైనుంచి అనుమతి వచ్చేసింది’ అన్న మాటను విడదీసి చూడాలి. 2023లో వచ్చిన ఉత్తర్వు, అప్పటికి అమలులో ఉన్న 2006 నాటి వ్యవసాయ భూమార్పిడి చట్టం కింద రెవెన్యూ శాఖ ఇచ్చినది. ఆ భూమిని వ్యవసాయేతర అవసరాలకు వాడుకోవచ్చని చెప్పడమే దాని పని. అది లేఅవుట్ అనుమతి కాదు, బోదె పూడ్చడానికి అనుమతి అసలే కాదు. లేఅవుట్ సంగతి 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భూ అభివృద్ధి నియమాల కింద వేరుగా తేలాలి, అదీ రెండు మెట్లుగా. మొదట ప్లాను నమూనాకు తాత్కాలిక ఆమోదం ఇస్తారు. ఆ తరువాత రోడ్లు, మురుగు కాలువలు, కల్వర్టులు, నీటి సరఫరా వంటి పనులు పూర్తిచేసి, రోడ్లను, ఖాళీ స్థలాన్ని రిజిస్టర్డ్ దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాకే తుది ఆమోదం వస్తుంది. మీ ఉత్తరాన్ని బట్టి ఆ పనులు ఇంకా పూర్తికాలేదు. అందుచేత చాలామటుకు మీరు ఈ రెండు మెట్ల నడుమనే ఉన్నారు, పొరుగు రైతు మాటకు అన్నిటికంటే విలువ ఉండేది కూడా ఈ నడిమి కాలంలోనే. తుది ఆమోదం వచ్చి ప్లాట్లు చేతులు మారితే మీ ఎదుట ఒక సంస్థ ఉండదు, 45 మంది కొనుగోలుదారులు ఉంటారు. అప్పులు చేసి స్థలం కొనుక్కున్న ఆ కుటుంబాల రోడ్డు తవ్వించమని అడగవలసి వచ్చినప్పుడు కోర్టు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది.

మిమ్మల్ని ఎవరూ పిలవలేదన్న ఫిర్యాదు సహజమైనదే. మాస్టర్ ప్లాను ముసాయిదాను ప్రకటించి ప్రజల అభ్యంతరాలు స్వీకరించే పద్ధతి ఉంది కాని, ఒక్కొక్క లేఅవుట్ దరఖాస్తు మీద చుట్టుపక్కల రైతులను పిలిచి విచారించే ఆనవాయితీ మన దగ్గర లేదు. ఇది పెద్ద లోపమని నా అభిప్రాయం. చదునైన డెల్టా నేలలో ఏ చేని నీరు ఎటు పోతుందో కార్యాలయంలో పటం ముందు కూర్చున్నవారి కంటే పక్క చేని రైతుకే బాగా తెలుస్తుంది. పిలవకపోయినా మీరే వెళ్లి అభ్యంతరం దాఖలు చేయడానికి అడ్డేమీ లేదు. మీ మండలం పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉంటే ఆ సంస్థకు, లేకపోతే జిల్లా పట్టణ ప్రణాళిక అధికారికి, వాటి నకళ్లు తహసీల్దారుకు, పంచాయతీ కార్యదర్శికి, జలవనరుల శాఖ ఇంజనీరుకు ఇచ్చి, ప్రతి నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అదే రోజు సమాచార హక్కు చట్టం కింద లేఅవుట్ ప్లాను, స్థల తనిఖీ నివేదిక, భూమి ఎత్తుపల్లాల కొలతలు, జలవనరుల శాఖ నిరభ్యంతర పత్రం ఏదైనా ఉంటే దాని నకలు అడగండి. మండల స్థాయి కార్యాలయంలో రుసుము 5 రూపాయలు, ఆ పైస్థాయిలో 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. ఆ తనిఖీ నివేదికలో బోదె ప్రస్తావన ఉందా లేదా అన్నది మీకు అన్నిటికంటే ముఖ్యం. స్థలం గుండా నీటి దారి ఏదీ లేదని అందులో రాసి ఉంటే, తప్పుడు సమాచారం మీద వచ్చిన ఆమోదమని చెప్పడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

ఇక బోదె గురించి. తహసీల్దారు కార్యాలయం నుంచి ఆ సర్వే నంబరు ఎఫ్.ఎం.బి. (చేని కొలతల పటం) నకలు, ఆర్.ఎస్.ఆర్. (భూముల పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు) నకలు తీసుకోండి. బోదె అందులో ప్రభుత్వ పోరంబోకుగా విడిగా గుర్తించి ఉంటే పని సులువు. దాన్ని పూడ్చడం 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద ఆక్రమణ అవుతుంది, తొలగించే అధికారం తహసీల్దారుకే ఉంది. సాగునీటి కాలువలకు అడ్డంకులు కల్పించడం 1997 నాటి రైతుల నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ చట్టం కింద కూడా నేరమే కనుక, మీ నీటి వినియోగదారుల సంఘం చేత ఒక తీర్మానం చేయించండి. హద్దులు తేలకపోతే ఎఫ్-లైన్ (హద్దులు కొలవమనే) దరఖాస్తు పెట్టి సర్వేయరు చేత కొలిపించండి.

అయితే మన ప్రాంతంలో చాలా బోదెలు ఏ పటంలోనూ కనిపించవు. తాతల నాడు రైతులు ఒకరి గట్టు పక్కన ఒకరు తవ్వుకున్నవి, జిరాయితీ (సొంత పట్టా) భూమిలోనే ఉన్నవి. మీది అలాంటిదైనా హక్కు లేకుండా పోదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల (ఒకరి భూమి మీద మరొకరికి ఉండే వాడుక హక్కుల) చట్టం 15వ సెక్షన్ ప్రకారం, బహిరంగంగా, శాంతియుతంగా, హక్కుగా, అంతరాయం లేకుండా 20 ఏళ్లు వాడుకున్న నీటి దారి హక్కుగా స్థిరపడుతుంది. ఇక్కడ ‘హక్కుగా’ అన్న మాట దగ్గర ఆగాలి. మన పల్లెల్లో మర్యాద ఎక్కువ. బోనులో నిలబడిన రైతును ప్రతివాది వకీలు ‘పాత ఆసామి మంచివాడు, మీ నీరు పోనిచ్చేవాడు కదా?’ అని అడిగితే, చనిపోయిన పెద్దమనిషిని కాదనలేక ‘అవునండి, ఎప్పుడూ వద్దనలేదండి’ అంటాడు. ఆ ఒక్క జవాబుతో హక్కు కాస్తా అనుమతిగా మారిపోతుంది, అనుమతితో వాడుకున్నదానికి 20 ఏళ్లయినా వందేళ్లయినా విలువ లేదు. మీ ఇంట్లో సాక్ష్యం చెప్పబోయేవారికి ఈ తేడా ముందుగానే తెలియాలి. అబద్ధం చెప్పమని కాదు, ఏటా ఎవరి అనుమతీ అడగకుండా మీరే పూడిక తీసుకుని నీరు పెట్టుకున్న మాట నిజమైతే ఆ నిజాన్ని మొహమాటంతో దాచవద్దని. పాత అడంగళ్లలో నీటి ఆధారం గడి, నీటి తీరువా రశీదులు, చుట్టుపక్కల వయసు మళ్లిన రైతుల మాట మీకు రుజువులు.

మురుగు విషయంలో మీ స్థితి ఇంకా బలమైనది, ఎందుకంటే దీనికి 20 ఏళ్ల లెక్క కూడా అక్కరలేదు. ఎగువ నేల మీద పడిన వాన నీరు సహజంగా పల్లానికి పారుతుంటే దిగువ భూమి యజమాని దాన్ని పారనివ్వాలన్నది అదే చట్టం 7వ సెక్షన్ గుర్తించిన సహజ హక్కు. మెరక చేసుకోవడం అతని ఇష్టమే, కాని ఆ మెరకతో మీ నీటికి ఆనకట్ట కట్టే హక్కు అతనికి లేదు. అయితే ఈ సెక్షన్ తీరైన కాలువ లేకుండా పారే నీటికి వర్తిస్తుంది. చేత్తో తవ్విన మురుగు బోదె గుండా నీరు పోయేదంటే మళ్లీ 15వ సెక్షన్‌కే రావాలి కనుక, దావాలో రెండు హక్కులనూ విడివిడిగా రాయించాలి.

మీ నేల ఎగువదని రుజువు చేయడం కూడా అనుకున్నంత తేలిక కాదు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా ఈ నేల వాలు కంటికి ఆనదు. ఒక చేనికి పక్క చేనికి తేడా అంగుళాల్లోనే ఉంటుంది. ఇప్పుడు వాళ్లు మూడున్నర అడుగులు ఎత్తారు కనుక చూసినవారికి మీదే పల్లంగా కనిపిస్తుంది. గ్రావెల్ పడని అంచుల దగ్గర, రెండు చేల పాత గట్ల దగ్గర లెవెల్ యంత్రంతో మట్టాలు తీయించి పెట్టుకోండి. కొన్నేళ్ల కిందట ఇలాంటి కేసొకటి నా చేతికి వచ్చింది. ప్రతివాదులు వేసవిలో తీసిన ఫొటోలు పెట్టి, నీరెక్కడ నిలిచిందని అడిగారు. కోర్టు నియమించిన అడ్వకేట్ కమిషనర్ అక్టోబరులో వెళ్లారు. ఆయన తన గొడుగు కర్రను మడిలో దించి, తడిసిన మేర టేపుతో కొలిచి, పద్నాలుగు అంగుళాలని నివేదికలో రాశారు. కంకి పొట్ట మీద ఉన్న చేను నీళ్లలో ఎంతసేపు నిలుస్తుందో ఆ జడ్జిగారికి ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. మురుగు పోకపోవడం ఎంతటి నష్టమో ఈ జిల్లా మరిచిపోలేదు. 2011లో కోనసీమ రైతులు సార్వా (వానాకాలపు వరి) మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు వారు చెప్పిన కారణాల్లో మురుగు నీటి సమస్య కూడా ఉంది.

గడువు విషయంలో జాగ్రత్త. 20 ఏళ్ల వాడకం, దావా వేసే రోజుకు వెనుక రెండేళ్లలోపు దాకా సాగి ఉండాలి. అడ్డు పడిందని తెలిశాక ఏడాదిపాటు ఊరుకుంటే మీరు దానికి ఒప్పుకున్నట్టు అవుతుంది. కాబట్టి ఈ వారంలోనే వకీలు నోటీసు పంపండి. మీ ప్రాంత జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో, ఉన్న దారిని చెరపకుండా శాశ్వత నిషేధపు ఉత్తర్వు, పూడ్చిన దారిని తిరిగి తెరిపించే ఆజ్ఞాపక ఉత్తర్వు రెండూ కోరాలి. దావాతోపాటే తాత్కాలిక నిషేధానికి, కమిషనర్ నియామకానికి దరఖాస్తులు వేయాలి. ప్రభుత్వ శాఖలను ప్రతివాదులుగా చేర్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి, అత్యవసరమైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే వేయవచ్చు. సాగునీటికి అడ్డుపడడం భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షన్ కింద నేరమేనని చెప్పి కొందరు మిమ్మల్ని ముందు పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోతారు. సెక్షన్ ఉన్నమాట నిజం. కాని స్టేషన్‌లో ‘ఇది సివిల్ తగాదా’ అనిపించుకుని వచ్చే కాగితం తరువాత మీకే అడ్డం తగులుతుంది.

పుంత గ్రామానిది. దాన్ని వాడుకునే హక్కు లేఅవుట్‌వారికీ ఉంది, మీకూ ఉంది. దాన్ని మూసే హక్కు ఎవరికీ లేదు. మూస్తే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. వెడల్పు చాలకపోవడం వారి సమస్య. 2017 నియమాలు రోడ్లకు 12 మీటర్లు, అంటే 40 అడుగులు నిర్దేశించాయి, తరువాత సవరణలు వచ్చాయి కనుక వారి దరఖాస్తు తేదీకి ఏది వర్తిస్తుందో ఫైలులో చూడండి. ఏదైనా సరే, మీ సమ్మతి లేకుండా మీ నాలుగడుగులు వారి ప్లానులో కనిపించడానికి వీల్లేదు. కనిపిస్తే ఆ అభ్యంతరం ఒక్కటే వేరు కాగితం మీద రాసి ఇవ్వండి.

బావి విషయంలో మీ భయం సబబైనదే, ఎందుకంటే మన దగ్గర నాలుగు గునపాలు దించితే నీరు పడుతుంది. కాని ఇళ్లే లేనప్పుడు కోర్టు ఆ భయం మీద ఉత్తర్వు ఇవ్వడం కష్టం. బావి నీటిని ఇప్పుడే పరీక్ష చేయించి ఆ నివేదిక భద్రపరచండి, మురుగునీటి ఏర్పాటును అనుమతి షరతుగా చేర్చమని అర్జీలో కోరండి. నాలుగెకరాల్లో పది శాతం, అంటే 40 సెంట్లు ఖాళీ స్థలంగా వదలాలి. అది ఎక్కడ చూపించారో కూడా గమనించండి. పార్కు స్థలం పోతుంటే చుట్టుపక్కలవారికి అడిగే అర్హత ఉందని సుప్రీంకోర్టు 1991లో బెంగుళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో చెప్పింది. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు పన్నెండున్నర సెంట్లు దాటిన లేఅవుట్ రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదు కావాలి. నమోదు లేకుండా ప్లాట్లు అమ్ముతుంటే అక్కడ చేసే ఫిర్యాదు వారిని మీతో మాట్లాడడానికి త్వరగా కూర్చోబెడుతుంది.

చివరిగా ఆ ప్లాటు సంగతి. రాజీ తప్పేమీ కాదు, నిజానికి ఇలాంటి తగాదాలో మంచి రాజీ పదేళ్ల దావా కంటే మేలు. కాని ప్లాటు తీసుకుని ‘అభ్యంతరం లేదు’ అని సంతకం పెడితే మీ ఎకరంన్నర ప్రతి సార్వాకూ మునుగుతుంది. అడగవలసింది ప్లాటు కాదు, దారి. ఉత్తరాన బోదె, దక్షిణాన మురుగు కాలువ ఎంత వెడల్పు, ఎంత లోతు, ఏ మట్టంలో ఉండాలో, రోడ్డు దాటే చోట అడుగు తూర బదులు ఎంత కొలత కల్వర్టు కట్టాలో పటంతో సహా రాయించి, దాన్ని రిజిస్టరు చేయించండి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందం రేపు ప్లాటు కొన్నవారిని కట్టడి చేయదు. అవే కాలువలు లేఅవుట్ ప్లానులోనూ, పంచాయతీకి ఇచ్చే దానపత్రంలోనూ చూపించాలని పట్టుబట్టండి. రిజిస్ట్రేషన్ ఖర్చు వారిదే కావాలి, కల్వర్టు పని లాకులెత్తి సార్వా నీరు వదలకముందే పూర్తి కావాలి.