టాంగ్ మీద చుక్కలెన్ని?
పాత అమెరికన్ జేబు చాకులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఒహాయోలో ఒక ఎస్టేట్ సేల్‌లో సిగార్ పెట్టెడు పాత చాకులు 40 డాలర్లకు కొన్నాను. ఒకదాని మీద 'కేస్ ఎక్స్ఎక్స్ యు.ఎస్.ఎ.' అని, దాని కింద చుక్కలు ఉన్నాయి. వెనకవైపు 6347 అని ఉంది. మూడు బ్లేడ్లు. ఇది ఏ కాలం నాటిది?
- ఒక పాఠకుడు, కొలంబస్

జవాబు: అన్నీ రాశారు, చుక్కలెన్నో మాత్రం రాయలేదు. అసలు సంగతంతా వాటిలోనే ఉందండీ!

బ్లేడు మొదట్లో, పిడిలోకి దిగే చదునైన భాగాన్ని టాంగ్ అంటారు. కంపెనీ అచ్చు పడేది దాని మీదే. పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో చాకులు చేసే కేస్ కంపెనీ ఈ అచ్చును ఎప్పటికప్పుడు మారుస్తూ వచ్చింది. 1920 నుంచి 1940 దాకా 'కేస్ టెస్టెడ్ ఎక్స్ఎక్స్'. ఆ తర్వాత 1964 దాకా ఉత్త 'కేస్ ఎక్స్ఎక్స్'. 1965లో దాని కింద 'యు.ఎస్.ఎ.' చేరింది. 1970లో పది చుక్కలు వేసి, అక్కడి నుంచి ఏడాదికొకటి తీసేస్తూ పోయారు. 1971లో తొమ్మిది, చివరికి 1979లో ఒక్కటి. 1980లోంచి చుక్కల లెక్క తీసేస్తే మీ చాకు పుట్టిన ఏడాది తేలుతుంది. ఏడు చుక్కలుంటే 1973 అన్నమాట. ఒక్క తిరకాసు ఉంది. 1980లో మళ్లీ పది చుక్కలతో మొదలుపెట్టారు. అప్పటి అచ్చులోని ఎస్ అక్షరం మెరుపు తీగలా కోసుగా వంకర తిరిగి ఉంటుంది. అది కనబడితే 1990లోంచి తీసేయాలి.

చుక్కలు సూదిమొనంత ఉంటాయి. పైనుంచి లైటు వేస్తే కనబడవు. గదిలో లైటు ఆర్పేసి, టార్చిని టాంగ్‌కు పక్కగా, దాదాపు పడుకోబెట్టి వెయ్యండి. నీడలు లేచి ఒక్కొక్కటీ లెక్కకొస్తుంది. కొన్ని చుక్కలు అరిగిపోయి ఉండవచ్చు, అదీ చూడండి.

ఇక వెనకవైపు 6347. మొదటి అంకె పిడి దేనితో చేశారో చెబుతుంది. 6 అంటే గాట్లు చెక్కి రంగు వేసిన ఎముక, 5 అంటే దుప్పి జాతి కొమ్ము, 3 అంటే పసుపు ప్లాస్టిక్. రెండో అంకె బ్లేడ్ల సంఖ్య. మిగిలిన 47 నమూనా నంబరు. అన్నట్టు, 5 నంబరు పిడులకు వాడిన కొమ్ములో చాలా భాగం మన కణుజుదే. ఇండియా నుంచి ఎగుమతి నిషేధించాక ఆ కొమ్ము కరువైపోయింది.

మీ చాకు మీద 6 ఉన్నంత మాత్రాన ఎముకే అనుకోకండి. ఆ రోజుల్లో ఎముక దొరక్క డెల్రిన్ అనే ప్లాస్టిక్‌నూ అదే నంబరుతో బిగించారు. భూతద్దం కింద అసలు ఎముకలో సన్నటి రంధ్రాలు, గోధుమరంగు చారలు కనబడతాయి. డెల్రిన్‌లో అవేవీ ఉండవు. కాల్చిన సూది గుచ్చి చూడమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. నిజం తేలే సరికి చాకు పాడవుతుంది.

ప్రశ్న: ఫ్లీ మార్కెట్‌లో రెమింగ్టన్ బులెట్ చాకు 250 డాలర్లకు ఇస్తామంటున్నారు. 1920ల నాటిదట. టాంగ్ మీద ఆర్1123 అని ఉంది. తీసుకోమంటారా?
- ఒక పాఠకురాలు, హారిస్‌బర్గ్

జవాబు: పిడి చూడకుండా తీసుకోవద్దమ్మా. పిడి మీద తూటా ఆకారంలో చిన్న లోహపు బిళ్ల ఉంటుంది కాబట్టి దీన్ని బులెట్ అంటారు. తుపాకుల కంపెనీ రెమింగ్టన్ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత చాకుల్లోకి దిగి, 1940 ప్రాంతంలో మానేసింది. అసలైన బులెట్ చాకులు ఆ మధ్య కాలంవే. 1982 నుంచి పాత నమూనాలనే రెమింగ్టన్ పేరుతో మళ్లీ విడుదల చేశారు. అవి దొంగ సరుకేమీ కాదు, బాగానే ఉంటాయి. కాకపోతే వాటిని కాస్త మట్టిలో దొర్లించి, తాతగారి చాకని చెప్పి అమ్మేవాళ్లున్నారు.

పాత రెమింగ్టన్ నంబర్లలో చివరి అంకె పిడిని చెబుతుంది. 3 అంటే ఎముక, 4 ముత్యపు చిప్ప, 5 సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్, 6 కొమ్ము. 1123 చివర 3 ఉంది కాబట్టి పిడి ఎముకే అయ్యుండాలి. మీరు చూసిన దాని పిడి ప్లాస్టిక్ అయితే, అమ్మేవాడు తాత కథ ఎంత బాగా చెప్పినా అక్కడికక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఈ పాఠం నాకు 180 డాలర్లకు వచ్చింది. ఒక చాకుల ప్రదర్శనలో 'టెస్టెడ్' అచ్చుతో మెరిసిపోతున్న కేస్ చాకు కొన్నాను. ఇంటికొచ్చి కిటికీ దగ్గర పట్టుకుంటే టాంగ్‌కూ, రెండు పక్కలున్న బోల్‌స్టర్లకూ, అంటే పిడి చివరి లోహపు తొడుగులకూ, మధ్య సన్నగా వెలుతురు కనబడింది. టాంగ్‌ను అరగదీసి, పలచన చేసి, పాత అచ్చును కొత్తగా కొట్టారు. బోల్‌స్టర్ మీద, బ్లేడు తిరిగే పిన్ను తల గుండ్రటి గీతలా కనబడుతోంది. ఫ్యాక్టరీలో దాన్ని ఆనవాలు లేకుండా సమం చేస్తారు. అంటే మళ్లీ ఎవరో విప్పి బిగించారన్నమాట. పైగా లోపలి ఇత్తడి రేకులు కొత్త చెంబులా తళతళలాడుతున్నాయి. జేబులో తిరిగిన చాకు లోపల నూలు పీచూ, నల్లటి జిడ్డూ ఉండాలి కదా!

కేస్ చాకుల్లో ఇంకో పేచీ ఉంది. 1940 తర్వాతి అచ్చుల్లో రాత తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. చుక్కలు గీకేస్తే 1970ల చాకు 60లలోకి వెళుతుంది, 'యు.ఎస్.ఎ.' కూడా గీకేస్తే ఇంకా వెనక్కి పోతుంది. అందుకే ఆకురాయి పట్టిన చేతులకు అంత ఆశ.

ప్రశ్న: మామగారిచ్చిన ష్రేడ్ వాల్డెన్ చాకు నల్లబడింది. బఫింగ్ చేయిస్తే కొత్తదానిలా వస్తుందా?
- ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: వస్తుంది, ధర కూడా సగానికి వస్తుంది. కార్బన్ స్టీల్ వాడేకొద్దీ బూడిదరంగు తిరుగుతుంది. అది తుప్పు కాదు, ఒక రకంగా రక్షణ. ఎర్రగా పొడిలా రాలేదే తుప్పు. దాని మీద మినరల్ ఆయిల్ రెండు చుక్కలు వేసి, ఒక రాత్రి వదిలి, రాగి సెంటు నాణెం అంచుతో మెల్లగా గీకండి. 1982కు ముందు నాణేల్లో రాగి ఎక్కువ, స్టీల్‌ను గాయపరచవు. బ్లేడుకు, జాయింటుకు నూనె చాలు. కీళ్లలో చెత్తను టూత్‌పిక్‌తో తీయండి. వంటనూనె వద్దు, జిగురై పట్టేస్తుంది.

ఆ అచ్చు న్యూయార్క్ రాష్ట్రంలోని వాల్డెన్ ఊరి పేరుతో వచ్చింది, 1946 తర్వాతది. ఆ కంపెనీ 2004లో మూతబడింది. ఇప్పుడు ష్రేడ్ పేరుతో అమ్మేవి వేరే సరుకు.

ప్రశ్న: అన్నీ ఒకే డబ్బాలో పెట్టాను. ఒక గులాబీరంగు పిడి చాకు చుట్టూ ఉన్నవన్నీ తుప్పు పట్టాయి. ఎందుకు?
- ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఆ పిడి సెల్యులాయిడ్. వయసు మీద పడ్డాక అది నెమ్మదిగా కుళ్లి, ఆమ్ల వాయువులు వదులుతుంది. అవి మూసిన డబ్బాలో నిలిచి పక్క చాకుల స్టీల్‌ను తినేస్తాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కర్పూరం వాసన తగులుతుంది. వెంటనే దాన్ని వేరుచేసి, గాలి ఆడే చోట, చల్లగా పెట్టండి. తేలిగ్గా అంటుకుని మండే పదార్థం కాబట్టి పొయ్యి దరిదాపుల్లో వద్దు. పిడి చెమర్చి, పగుళ్లు పడుతుంటే ఇక బాగుచేయడం అయ్యే పని కాదు. పక్కవాటినైనా కాపాడుకోండి.

ప్రశ్న: చాకుల పెట్టెను విమానంలో తీసుకెళ్లవచ్చా?
- ఒక పాఠకుడు, సియాటిల్

జవాబు: చేతి సంచిలో కుదరదు. చెకిన్ బ్యాగులో, మడిచి, గుడ్డలో చుట్టి పెట్టవచ్చు. బయల్దేరే ముందు ప్యాంటు జేబులు మాత్రం తడుముకోండి. నేను మరచిపోయి సెక్యూరిటీ దగ్గర వదులుకున్నది ఒక్క చుక్క కేస్. 1979ది.