ఇల్లు ఎక్కడ కొనాలన్నది తరవాతి మాట

అమ్మా,

కాలేజీ ఒక్కటే ఆధారంగా బతికే చిన్న ఊళ్లో తొమ్మిదేళ్లుగా లెక్చరర్‌గా పనిచేస్తున్నానని, ఎనిమిదో తరగతి చదివే కొడుకూ పెద్దవయసు అత్తగారూ మీ దగ్గరే ఉంటున్నారని, భర్త నగరంలో ఉద్యోగం చేస్తూ నెలకు రెండుసార్లు వచ్చి వెళతారని రాశారు. కాలేజీ గేటు దగ్గర, మేడ మీది వాటాను విద్యార్థులకు అద్దెకిచ్చుకునే వీలున్న ఇల్లు కొనడం మేలా, ఊరి చివర ప్రశాంతమైన ఇల్లు మేలా అని అడిగారు.

ఊరి చివరి ఇల్లే మేలు. అటువంటి ఊళ్లో అద్దెలు కాలేజీ అడ్మిషన్లను బట్టే ఉంటాయి కనుక, యాజమాన్యం కొత్తగా హాస్టల్ కట్టినా, ఒక కోర్సు ఎత్తేసినా మీ పై వాటా ఖాళీ అవుతుంది. సెలవుల్లో అద్దె రాకపోయినా లోన్ వాయిదా కట్టక తప్పదు. పైగా పగలు మీ పాఠం వినే పిల్లల్ని సాయంత్రం అద్దె అడగవలసి రావడం ఉపాధ్యాయురాలికి గౌరవంగా ఉండదు. మీ ప్రశ్నకు జవాబు ఇంతే.

అయితే ఉత్తరం చివర, ఏదో గుర్తొచ్చి చేర్చినట్టుగా, సొంత ఇల్లుంటే ఆయన కూడా ఇక్కడికే బదిలీ పెట్టుకుంటారని ఆశగా ఉందని రాశారు. భార్య, కొడుకు, కన్నతల్లి ముగ్గురూ ఉన్న ఇంటికి తొమ్మిదేళ్లుగా చుట్టపుచూపుగా వస్తున్న మనిషి, గోడలు సొంతమైనంత మాత్రాన వచ్చి స్థిరపడతారని మీరు నిజంగా నమ్ముతున్నారా? నేను నమ్మను. మీరు రెండు ఇళ్లు చూసి వచ్చి చెబితే ఆయన ఒక్కదాన్నయినా వచ్చి చూడకుండా, నీకు నచ్చింది తీసుకో అన్నారు. దాన్ని మీరు మంచితనమనుకున్నారు గానీ, ఆ ఇంట్లో తాను ఉండబోవడం లేదని ఆయన అప్పుడే చెప్పేశారని నాకు అనిపిస్తోంది.

అత్తగారిని మీరు ప్రేమగా చూసుకుంటున్నారు, సంతోషం. కానీ తల్లి బాధ్యత మొదట కొడుకుది. ఆమె మందులు, రాత్రి నిద్ర పట్టని బాధ, మనవడి చదువు, ఇప్పుడు ఇంటి అప్పు, అన్నీ మీ మీదే వేసి, ఉద్యోగం పేరు చెప్పి తప్పుకునే హక్కు ఆయనకు ఎవరిచ్చారు? మీరు అడగలేదు గనుక ఆయన చెప్పలేదు. అడిగితే ఏం వినవలసి వస్తుందోనన్న భయంతోనే మీరు ఇల్లు కొనడమనే దూరపు దారి పట్టారు.

ఆ దారి ఖరీదైనది కూడా. లోన్ 9 శాతం వడ్డీతో 20 ఏళ్లకు తీసుకుంటే మొదటి నెల వాయిదాలో ఆరింట ఐదు వంతులు వడ్డీకే పోతాయి, గడువు తీరేసరికి తీసుకున్నదానికి రెండింతలకు పైగా కడతారు. ఒక మనిషి వస్తారేమోనన్న ఆశ మీద ఇంత బరువు ఎత్తుకోకూడదు. వాయిదా మీ జీతం నుంచి పోతుంటే, ఇల్లు మా అబ్బాయి పేరు మీదే ఉండాలన్న అత్తగారి మాటకు తల ఊపడం అణకువ కాదు, ఆత్మగౌరవం లేకపోవడం. లోన్ పత్రాల మీద ఇద్దరూ సంతకాలు పెడితే, ఒకరు కట్టనప్పుడు బాకీ మొత్తం రెండోవారి నుంచి బ్యాంకు వసూలు చేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ దస్తావేజులో పేరు లేకుండా లోన్‌కు సంతకం పెట్టారంటే బాకీ మీది, ఇల్లు మరొకరిది అవుతుంది.

ఈసారి ఆయన వచ్చినప్పుడు, పిల్లవాడూ అత్తగారూ దగ్గర లేని వేళ చూసి, ఇక్కడికి వస్తారా, ఎప్పటిలోగా వస్తారు అని నేరుగా అడగండి. గడువు లేని జవాబును జవాబుగా తీసుకోకండి. రానని చెబితే, ఆయన లేకపోయినా ఈ ఊళ్లోనే ఉద్యోగ విరమణ వరకు ఉండడం మీకు ఇష్టమేనా అని ఆలోచించుకోండి. ఇష్టమైతే, మీ జీతానికి తగిన ఇల్లు మీ పేరు మీదే కొనుక్కోండి. ఇష్టం లేకపోతే అద్దె ఇంట్లోనే ఉండండి. ఇటువంటి చిన్న ఊళ్లలో కొన్న ఇంటిని మళ్లీ అమ్ముకోవడానికి చాలాకాలం పట్టవచ్చు. ఈ మాటలు తేలేవరకు ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి. ఇల్లు ఎవరి పేరు మీద ఉంటుందో అత్తగారికి చెప్పవలసిన పని మాత్రం మీది కాదు, ఆమె కొడుకుది.