కారు తెప్పించడానికి అప్పు చేయాలా?

ప్రశ్న: దూరంగా ఉన్న డీలర్ దగ్గర వాడిన కారు కొన్నాను. ఇక్కడికంటే ధర బాగా తక్కువ. అత్యవసరాలకు దాచుకున్నదంతా అందులోనే పెట్టేశాను. ట్రక్కులో తెప్పించడానికి ఇప్పుడు చేతిలో డబ్బు లేదు. లోన్ యాప్‌లో తీసుకోనా, క్రెడిట్ కార్డు మీద నగదు తీయనా? ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ (దారిలో బండికి జరిగే నష్టానికి బీమా) మానేస్తే కొంత మిగులుతుంది, మానేయవచ్చా?

జవాబు: యాప్ వద్దు, కార్డు వద్దు. ఇన్సూరెన్స్ మానేయడం అసలే వద్దు.

చాలామంది చేసే పొరపాటే కాబట్టి మీ ప్రశ్న తీసుకున్నాను. డీలర్ చెప్పిన ధర చూసి మురిసిపోతారు గానీ, బండి ఇంటికి చేరేదాకా అయ్యే ఖర్చు లెక్కలో వేసుకోరు. రవాణా, ఇన్సూరెన్స్, పేరు మార్పు, వచ్చాక సర్వీసింగ్... ఇవన్నీ కలిపాక, తక్కువకు దొరికిందనుకున్న దాంట్లో ఎంత మిగిలింది? ఒకసారి కాగితం మీద వేసి చూడండి.

ఇక ఇన్సూరెన్స్. డబ్బు కట్టేసి, బండిని ట్రక్కు ఎక్కించాక జరిగే నష్టం చాలా ఒప్పందాల్లో కొన్నవాళ్లదే. ట్రాన్స్‌పోర్టర్ తన బాధ్యతను రసీదు వెనక చిన్న అక్షరాల్లో వీలైనంత తగ్గించి రాసుకుంటాడు. ‘మాకు ఇన్సూరెన్స్ ఉందండీ’ అని ఫోన్‌లో అంటే సరిపోదు. పాలసీ కాపీ తెప్పించుకుని, పరిమితి ఎంత, మినహాయింపులేమిటి చూడండి. పాత యజమాని పేరు మీదున్న పాలసీని నమ్ముకుంటే క్లెయిమ్ దగ్గర చిక్కుల్లో పడతారు.

పాలసీ ఉన్నా రుజువు కావాలి. బండి ఎక్కించే ముందు నాలుగు వైపులా, బంపర్ మూలలు, చక్రాలు, కిలోమీటర్ల రీడింగు ఫొటోలు తీసి పంపమని డీలర్‌ను అడగండి. దించేటప్పుడు డ్రైవర్ తొందరపెడతాడు, బయట చీకటిగా ఉంటుంది. అయినా టార్చి వేసి, ఆ ఫొటోలతో పోల్చి చూశాకే సంతకం పెట్టండి. కొత్త గీత కనిపిస్తే డెలివరీ కాగితం మీదే రాయండి. ‘అంతా బాగుంది’ అన్నచోట సంతకం పెట్టేసి, మర్నాడు ఫోన్ చేస్తే ఎవరూ వినరు.

కార్డు మీద నగదు తీస్తే సాధారణంగా ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, ఫీజు అదనం. లోన్ యాప్ గురించి ఇంకా అడగాలా? అత్యవసర నిధి సున్నా అయిన మనిషి, నడపని కారు కోసం ఆ వడ్డీ కట్టడమేమిటి!

స్వయంగా వెళ్లి నడుపుకొని రావచ్చు, కాగితాలూ టైర్లూ సరిగ్గా ఉంటేనే.

నా మాట వింటే, జీతం వచ్చేదాకా బండిని అక్కడే ఉంచమని డీలర్‌తో మాట్లాడండి. ఒప్పుకుంటే రాతపూర్వకంగా తీసుకోండి. ఆలోగా మీ పేరు మీద పాలసీ చేయించి, ఆ తర్వాతే ట్రక్కు బుక్ చేయండి. కారు వచ్చాక మ్యూజిక్ సిస్టమ్, సీటు కవర్లు అంటూ బయల్దేరకండి. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు మళ్లీ బ్యాంకులో చేరేదాకా దాని మీద పెట్రోలు, సర్వీసింగ్ తప్ప ఇంకేమీ పెట్టకూడదు.