వేవర్ ఒప్పుకుని చేపల పడవ ఎక్కాం, మావయ్యగారి చెయ్యి విరిగింది: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మేం మసాచుసెట్స్‌లో ఉంటాం. మా అత్తయ్యగారు, మావయ్యగారు భీమవరం నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు. మావయ్యగారికి చేపల వేటంటే ప్రాణం. జూన్‌లో ఒక శనివారం నలుగురం గ్లాస్టర్ రేవు నుంచి జెఫ్రీస్ లెడ్జ్ అనే సముద్రంలోని వేట ప్రాంతానికి వెళ్లే పార్టీ బోటు ఎక్కాం. టికెట్లు ఫోన్‌లో నేనే కొన్నాను. అందరి తరఫునా వేవర్ దగ్గర, అంటే ప్రమాదం జరిగితే పడవవాళ్ల మీద కేసు వేయమనే ఒప్పందం దగ్గర, టిక్ పెట్టింది కూడా నేనే. తిరిగొచ్చేటప్పుడు పడవ వెనకవైపు చేపలు కోసే బల్ల దగ్గర మావయ్యగారు జారిపడ్డారు. అప్పుడే పడవలో పనిచేసే కుర్రాడు గొట్టంతో డెక్కు కడుగుతున్నాడు. కుడి మణికట్టు విరిగి ప్లేటు వేశారు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కొంత ఇచ్చింది, ఇంకా 14 వేల డాలర్ల బిల్లు మా నెత్తిన ఉంది. పడవవాళ్లని అడిగితే "వేవర్ ఒప్పుకున్నారుగా" అని తేల్చేశారు. ఆయన సెప్టెంబర్ మొదట్లో ఇండియా వెళ్లిపోవాలి. కేసు వేయొచ్చా? వేస్తే మళ్లీ వీసాకి ఇబ్బంది అవుతుందా? ఇంకో చిన్న మాట. మేం తినగా మిగిలిన హడాక్ చేప ముక్కల్ని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్యాకెట్ 15 డాలర్లకి ఇచ్చేశాం. దానికేమైనా చిక్కుందా?

జవాబు: ఆ చిన్న మాట ముందు చూద్దాం, ఎందుకంటే అది మీరనుకున్నంత చిన్నది కాదు. పార్టీ బోటులో సరదా వేటకి వెళ్లి పట్టిన హడాక్, కాడ్, పొలాక్ లాంటి చేపల్ని అమ్మడం ఫెడరల్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. టికెట్ ఖర్చు రాబట్టుకోవడానికే అమ్మామన్నా అది అమ్మకమే. డబ్బు కాకుండా ఇంకో వస్తువు తీసుకుని ఇచ్చినా అంతే. పులుసు పెట్టి పక్కింటివాళ్లకి గిన్నెడు పంపితే ఎవరూ అడగరు. ధర రాసి గ్రూపులో పెట్టారు చూడండి, అదే తప్పు. మీరు హెచ్-1బి మీద ఉన్నట్టయితే పక్క సంపాదనగా కూడా అది కనిపిస్తుంది. ఇకమీదట అమ్మకండి. చేసింది చేసేశారు కాబట్టి ఆ మెసేజ్‌ల సంగతి మీ లాయరుకి చెప్పండి, వాటిని మాత్రం తుడిచెయ్యకండి. మీకు కోసిచ్చిన ముక్కల మీద ఒక మూల కాస్త చర్మం వదిలేసి ఉంటారు, గమనించారా? బద్ధకంతో వదిలింది కాదు. ఒడ్డున అధికారి ఆపితే అది ఏ చేపో గుర్తుపట్టడానికి కనీసం 2 చదరపు అంగుళాల చర్మం ఉండాలని నిబంధన. హడాక్‌కి రెక్క పైన బొటనవేలితో అద్దినట్టు నల్లమచ్చ ఉంటుంది, పక్కన సాగే గీత కూడా నల్లగా ఉంటుంది. కాడ్‌కి ఆ గీత తెల్లగా ఉంటుంది. ఆ నీళ్లలో సరదా వేటగాళ్లకి ఈమధ్య సీజన్లలో ఏడాదిలో ఎక్కువ భాగం కాడ్ మీద నిషేధమే, అందుకే ఈ గుర్తుల గోల అంతా.

ఇక అసలు విషయానికి వద్దాం. పార్టీ బోటు అనగానే మనవాళ్లు మందూ డాన్సూ అనుకుంటారు గానీ, తలకింత అని టికెట్ పెట్టి ఎవరొచ్చినా ఎక్కించుకునే చేపల పడవ అది. మొత్తం పడవని ఒకే గుంపు మాట్లాడుకుంటే చార్టర్. టికెట్ కొని ఎక్కిన క్షణం నుంచి మీ మావయ్యగారు చట్టం దృష్టిలో డబ్బు చెల్లించిన ప్రయాణికుడు. అలాంటివాళ్లు ఆరుగురికి మించి ఎక్కే పడవని కోస్ట్ గార్డ్ తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చి ఉండాలి, బయల్దేరే ముందు ప్రయాణికులకి భద్రత గురించి చెప్పి తీరాలి. ఆరోజు కెప్టెన్ మైకులో ఏం చెప్పాడో, డెక్కు జారుతుందని హెచ్చరించాడో లేదో మీకు గుర్తున్నంతవరకు ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ప్రమాదం సముద్రంలో జరిగింది కాబట్టి దీనికి వర్తించేది సముద్ర చట్టం, మన రోడ్డు ప్రమాదాల చట్టం కాదు. పడవ యజమాని ప్రయాణికుల పట్ల తగినంత జాగ్రత్త తీసుకోవాలని అమెరికా సుప్రీంకోర్టు 1959లోనే ఖాయం చేసింది. పడ్డ ప్రతివాళ్లకీ యజమాని డబ్బు కట్టాలని దానర్థం కాదు. సముద్రంలో పడవ ఊగుతుంది, డెక్కు తడుస్తుంది. ఎవరో ఒక పెద్ద అల వచ్చి ఊపేస్తే పడ్డారంటే ఆ కేసు నేను తీసుకోను. మీ సంగతి వేరు. మనుషులు చేపముక్కల కోసం గుమిగూడి నిలబడ్డ బల్ల దగ్గర, వాళ్ల కాళ్ల కిందకే రక్తం, జిగురు, పొలుసులు కలిసిన నీళ్లు గొట్టంతో తోస్తున్నారు. అక్కడ రబ్బరు చాప ఉందా? "కాస్త పక్కకి జరగండి" అని ఎవరైనా అన్నారా? మీ కేసు బలమంతా ఈ రెండు ప్రశ్నల జవాబుల్లో ఉంది.

"వేవర్ ఒప్పుకున్నారుగా" అన్న మాటకి బెదరకండి. నేను మొదట అడిగేది, ఎవరు ఒప్పుకున్నారు అని. మీరు ఫోన్‌లో టిక్ పెట్టారు. మీ మావయ్యగారు ఆ ఫారం చూడలేదు, దాని మీద సంతకం పెట్టలేదు, తన తరఫున పెట్టమని మీకు చెప్పనూ లేదు. ఇంగ్లీషు రాదన్న మాట ఒక్కటే ఇక్కడ కోర్టులో పనిచేయదు. రాకపోయినా చేత్తో సంతకం పెడితే కట్టుబడాల్సిందే. కానీ అసలు ఆయన ఒప్పుకోనే లేదన్న వాదన వేరు, అది గట్టి వాదన. రేవులో పడవెక్కేటప్పుడు ఇంకేదైనా కాగితం మీద ఆయన చేత సంతకం పెట్టించారేమో జ్ఞాపకం చేసుకోండి. పెట్టించి ఉంటే ఈ వాదన నీరుగారుతుంది.

ఆయన సంతకం ఉందనే అనుకుందాం. అమెరికా ఓడరేవుల మధ్య ప్రయాణికుల్ని తీసుకెళ్లే పడవ యజమాని, తన నిర్లక్ష్యం వల్ల కలిగిన గాయానికి బాధ్యత లేదని ఒప్పందంలో రాసుకోకూడదని 1936 నుంచి ఫెడరల్ చట్టంలో ఉంది. అలా రాసుకున్న షరతు చెల్లదు. చిక్కల్లా "ఓడరేవుల మధ్య" అన్న రెండు మాటల దగ్గర వచ్చింది. గ్లాస్టర్‌లో బయల్దేరి జెఫ్రీస్ లెడ్జ్ మీద గాలాలు వేసి మళ్లీ గ్లాస్టర్‌లోనే దిగితే అది రెండు రేవుల మధ్య ప్రయాణమా? కాదని, ఒకే రేవుకి తిరిగొచ్చే ప్రయాణాలకి ఈ రక్షణ వర్తించదని 2024లో హవాయి డైవింగ్ పడవ కేసులో పశ్చిమ తీరపు తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు చెప్పింది. అంతకుముందు కొన్ని కింది కోర్టులు వర్తిస్తుందన్నాయి. సర్క్యూట్ అంటే కొన్ని రాష్ట్రాలకి కలిపి ఉండే అప్పీల్ కోర్టు పరిధి. మసాచుసెట్స్ వచ్చేది ఒకటో సర్క్యూట్ కిందకి, తొమ్మిదో సర్క్యూట్ మాట ఇక్కడి కోర్టుల్ని కట్టిపడేయదు. అయినా అవతలి లాయరు మొదట తీసేది ఆ తీర్పునే, మీ లాయరు దానికి జవాబుతో సిద్ధంగా ఉండాలి. ఈ చట్టం మీకు అందకపోయినా దారి పూర్తిగా మూసుకుపోదు. మామూలు నిర్లక్ష్యాన్ని వేవర్ కాపాడవచ్చు గానీ ఘోరమైన నిర్లక్ష్యాన్ని కాపాడదు. అయితే తడి డెక్కు ఒక్కదాన్నే ఘోర నిర్లక్ష్యమని నిరూపించడం కష్టం. అదే బల్ల దగ్గర ఇంతకుముందు కూడా జనం పడ్డారని, తెలిసీ ఏమీ చేయలేదని తేలితే మాత్రం కథ మారుతుంది.

యజమానులు "కేసు వేసినా పడవ విలువ దాటి మా దగ్గర రాబట్టలేరు" అని కూడా బెదిరిస్తుంటారు. ఒకప్పుడు అది నిజమే. 1851 నాటి చట్టం కింద, తనకు తెలియకుండా జరిగిన ప్రమాదానికి యజమాని తన బాధ్యతని ప్రమాదం తర్వాత పడవకి మిగిలిన విలువకి పరిమితం చేసుకోవచ్చు. టైటానిక్ యజమానులు ఈ చట్టాన్ని పట్టుకుని, మిగిలిన లైఫ్ బోట్లూ వగైరా కలిపి దాదాపు 92 వేల డాలర్లే మా బాధ్యత అన్నారు. 2019 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ తగలబడి 34 మంది చనిపోతే, వారం తిరక్కుండానే యజమానులు ఇదే చట్టం కింద కోర్టుకెక్కారు. దాని మీద రేగిన ఆగ్రహంతో 2022 డిసెంబర్‌లో అమెరికా కాంగ్రెస్ చట్టం మార్చింది. పగటిపూట 150 మందికి మించకుండా తీసుకెళ్లే చిన్న పాసింజర్ పడవలకి ఆ గొడుగు ఇక లేదు. మీరు ఎక్కింది అలాంటి పడవే.

మీ మావయ్యగారి తప్పు ఎంత అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. మీ ఉత్తరంలో లేదు గానీ, ఆయన కాలికి ఏం వేసుకున్నారు? ఇంట్లో వేసుకునే నున్నటి చెప్పులైతే అవతలివాళ్లు దాన్ని వదలరు. సముద్ర చట్టంలో మంచి ఏమిటంటే, తప్పు మీదీ ఉందని కేసు కొట్టెయ్యరు. ఆ మేరకు పరిహారం తగ్గిస్తారు. నష్టం 50 వేల డాలర్లని, మీవైపు తప్పు 30 శాతమని తేలితే 35 వేలు వస్తాయి.

గడువు సంగతి. సముద్ర ప్రమాదాల్లో గాయపడ్డవాళ్లు కేసు వేయడానికి 3 ఏళ్ల కాలపరిమితి ఉంది. కానీ టికెట్ వెనక, లేదా ఆ టిక్ పెట్టిన పేజీ అడుగున, ఇంకా తక్కువ గడువు రాసి ఉండొచ్చు. 3 ఏళ్లున్నాయిలే అని కూర్చోకండి. ఈ వారంలోనే యజమానికి రాతపూర్వకంగా నోటీసు పంపండి. అందులో ఆ రోజు ప్రయాణికుల జాబితా, పడవలో కెమెరాలుంటే వాటి రికార్డింగు, సిబ్బంది వివరాలు భద్రపరచమని స్పష్టంగా అడగండి. కెమెరా రికార్డింగులు కొన్ని వారాల్లో చెరిగిపోతుంటాయి, మీకు అన్నిటికంటే తొందర దీని గురించే ఉండాలి. ప్రథమ చికిత్సకి మించి వైద్యం అవసరమైన గాయమైతే యజమాని కోస్ట్ గార్డ్‌కి వెంటనే చెప్పి, 5 రోజుల్లో రాతపూర్వక రిపోర్టు ఇవ్వాలి. ప్లేటు వేసిన మణికట్టు నిస్సందేహంగా ఆ కోవలోదే. ఇచ్చారేమో ఇక్కడి సమాచార హక్కు చట్టం కింద కోస్ట్ గార్డ్‌ని అడగవచ్చు. ఇవ్వలేదని తేలితే అది కూడా మనకి పనికొచ్చేదే.

వీసా భయం పెట్టుకోకండి. విజిటర్‌గా వచ్చినవాళ్లు తమకి జరిగిన నష్టానికి పరిహారం అడగడం ఉద్యోగం చేయడం కాదు, వీసా షరతులు తప్పడమూ కాదు. ఆయన సెప్టెంబర్‌లో వెళ్లిపోతే కేసు ఆగదు, కానీ ఆయన మాట అందడం కష్టమవుతుంది. వెళ్లేలోపు లాయరు ముందు కూర్చుని, తెలుగు దుబాసీ సాయంతో, జరిగిందంతా ప్రమాణపత్రంగా ఇచ్చి వెళ్లాలి. దుబాసీగా మీరు కూర్చోకండి, మీరే సాక్షి. డాక్టరు ఇంకా ఫిజియోథెరపీ కావాలంటే, ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే రికార్డు) గడువు ముగియకముందే బస పొడిగింపుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వైద్యం అందుకు సరైన కారణమే. ఇన్సూరెన్స్ కంపెనీ కట్టిన డబ్బు పరిహారంలోంచి తిరిగి అడగవచ్చు కాబట్టి పాలసీ కాగితం లాయరుకి ముందే చూపించండి.

లాయరుని ఎంచుకునేటప్పుడు కారు ప్రమాదాల లాయరు దగ్గరికి కాకుండా సముద్ర కేసులు చూసినవాళ్ల దగ్గరికే వెళ్లండి. గెలిస్తేనే ఫీజు అనే పద్ధతిలో చాలామంది తీసుకుంటారు. ఆ ఒప్పందం మసాచుసెట్స్‌లో రాతపూర్వకంగా ఉండి తీరాలి. వెళ్లేటప్పుడు ఆ రోజు తీసుకున్న ఫొటోలన్నీ తీసుకెళ్లండి, చేపలు పట్టుకుని నవ్వుతున్నవి కూడా. వాటి వెనకాల డెక్కు కనిపిస్తుంది. మావయ్యగారు ఆ రోజు వేసుకున్న చెప్పులు, అవి ఎలాంటివైనా సరే, కడక్కుండా ఒక కవర్లో పెట్టి ఉంచండి.