లేజర్‌కు లొంగని తెల్ల వెంట్రుకలు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 51. టీచర్ని. నెలసరి ఆగినప్పటి నుంచి గడ్డం మీద గరుకు వెంట్రుకలు వస్తున్నాయి, సగం తెల్లవి. రోజూ పొద్దున్నే ప్లక్కర్‌తో పీకేస్తున్నాను. లేజర్‌కు వెళితే తెల్లవాటికి పనిచేయదన్నారు. ఎలక్ట్రాలిసిస్‌లో కరెంటు పెడతారట, భయంగా ఉంది. షుగర్ కూడా ఉంది. నాలుగు నెలల్లో మా అమ్మాయి పెళ్లి. అప్పటికి పూర్తిగా పోతాయా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: పెళ్లి నాటికి పూర్తిగా పోవమ్మా. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. రెండు సిట్టింగుల్లో నున్నగా చేస్తామంటే నమ్మి డబ్బు కట్టి, ఏడుస్తూ నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

లేజర్ సంగతి మీకు నిజమే చెప్పారు. దాని వెలుగు వెంట్రుకలోని నల్ల రంగును పట్టుకుని వేడి పుట్టిస్తుంది. తెల్లవాటిలో ఆ రంగే ఉండదు. ఎలక్ట్రాలిసిస్ కరెంటుతో వెంట్రుక కుదురునే చంపుతుంది, దానికి రంగుతో పని లేదు. ఇది కొత్త ప్రయోగమూ కాదు. కంట్లో గుచ్చుకునే రెప్ప వెంట్రుకల కోసం 1875లోనే అమెరికాలో చార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టరు ఈ పద్ధతి గురించి రాశారు.

పడుకోబెట్టి, భూతద్దంలో చూస్తూ, సన్నని సూదిని వెంట్రుక మొలిచిన దారిలోనే కుదురు దాకా పంపుతాం. కరెంటు చాలా కొద్దిగా, కాసేపే. చురుక్కుమంటుంది. నొప్పే ఉండదని నేననను. పై పెదవి మీదైతే కళ్లలో నీళ్లు తిరుగుతాయి, గడ్డం దగ్గర చాలామంది ఓర్చుకుంటారు. కావాలంటే ముందుగా తిమ్మిరి క్రీము రాస్తారు. తర్వాత పట్టకారుతో పట్టుకోగానే వెంట్రుక జారి వచ్చేయాలి. పీకినట్టు లాగితే కుదురు ఇంకా చావలేదన్నమాట. అలా అనిపిస్తే అప్పుడే చెప్పండి. సూది ప్యాకెట్ మీ కళ్లముందే విప్పమనండి, మొహమాటపడొద్దు.

వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు, కొన్ని చర్మం లోపలే ఆగి ఉంటాయి. పెరిగే దశలో దొరికినవాటికే ఇది బాగా పనిచేస్తుంది. అందుకే మొదట్లో వారం, రెండు వారాలకోసారి, తర్వాత ఎడంగా వెళ్లాలి. ఏడాదికి పైగా పట్టవచ్చు.

మీకు అసలు కష్టం ప్లక్కర్ మానడంలో ఉంటుంది. పీకేశాక సూదికి ఏ కుదురూ దొరకదు. ఇవాళే ఆపేయండి, త్రెడింగూ వాక్సింగూ కూడా. మధ్యలో కత్తెరతో కత్తిరించుకోవచ్చు, రేజర్‌తో గీసుకోవచ్చు. గీస్తే మందంగా వస్తాయన్నది అబద్ధం. సిట్టింగ్‌కు ముందు రెండు మూడు రోజులు మాత్రం వదిలేయాలి, పట్టకారుకు అందేంత పెరగాలి కదా. ఆ రోజుల్లో స్టాఫ్ రూములో ఎవరైనా చూస్తారేమోనన్న టెన్షన్ ఎంతుంటుందో నాకు తెలుసు. వీలైతే ఆదివారం అపాయింట్‌మెంట్ అడగండి.

తర్వాత ఎర్రబడుతుంది, చిన్న చిన్న చెక్కులు కడతాయి. వాటిని గిల్లొద్దు. మన చామనఛాయ చర్మానికి నల్లమచ్చలు త్వరగా పడతాయి కాబట్టి సన్‌స్క్రీన్ తప్పనిసరి. పసుపు, సున్నిపిండి రుద్దకండి. షుగర్ అదుపులో లేకపోతే పుళ్లు త్వరగా మానవు, మొదలుపెట్టే ముందే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) చేయించుకోండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. వెంట్రుకలు ఉన్నట్టుండి ఎక్కువై, గొంతు కూడా బొంగురుపోతే ముందు హార్మోన్ పరీక్షలు చేయించాలి.

ఇప్పుడే మొదలుపెడితే పెళ్లి నాటికి కొంత పలచబడతాయి. పెళ్లికి రెండు వారాల ముందు సిట్టింగులు ఆపేయండి, చెక్కులు రాలి చర్మం సర్దుకుంటుంది. మిగిలినవాటిని పెళ్లి రోజు పొద్దున రేజర్‌తో తీసేసుకుని, పెళ్లి సందడి తగ్గాక మళ్లీ కొనసాగించండి.