మేజర్ లీగ్‌లో (అమెరికా బేస్‌బాల్‌లో అగ్రశ్రేణి లీగ్) ఇంకా అడుగే పెట్టని కుర్రాళ్ల మీద బేస్‌బాల్ అభిమానులు అంత ఆశ ఎందుకు పెట్టుకుంటారు?

చిత్తుగా ఓడిన జట్టుకు డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను తీసుకునే ఏర్పాటులో, ముందు ఎంచుకునే అవకాశం దొరుకుతుంది కాబట్టి (ఇప్పుడు ముందు వంతులు తేల్చడానికి లాటరీ కూడా వచ్చిందనుకోండి). బాల్టిమోర్ ఓరియోల్స్ 2018లో 115 మ్యాచ్‌లు ఓడి, 2019లో మొదటి ఎంపికగా క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) ఆడ్లీ రచ్‌మన్‌ను తీసుకుంది. ఐపీఎల్‌లోలా వెంటనే దింపరు, కింది స్థాయి మైనర్ లీగుల్లో నలగాలి. అతను పైకొచ్చింది 2022 మేలో. 2023లో జట్టు 101 గెలిచింది. ప్లేఆఫ్‌లో మూడుకు మూడూ ఓడిపోయింది, అది వేరే బాధ.

అయితే తొందర పనికిరాదు. ఇదే జట్టు 2022లో మొదటి ఎంపికగా తీసుకున్న జాక్సన్ హాలిడే, 2024 ఏప్రిల్‌లో తొలి 10 మ్యాచ్‌ల్లో కొట్టింది రెండే హిట్లు (బంతిని కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరితే హిట్). ఇరవై ఏళ్ల కుర్రాణ్ని మళ్లీ కిందికి పంపేశారు. జూలై 31న తిరిగొచ్చాడు; ఆ రోజే గ్రాండ్‌స్లామ్ (మూడు బేస్‌ల్లోనూ మనవాళ్లుండగా కొట్టే హోమ్ రన్, ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు) బాదాడు.